వెబ్ పేజీలో రంగు రాయడం నాకు జంగయ్య నేర్పాడు

పోయిన నెల మొయినాబాద్ దగ్గరి ఒక కాలేజీ వాళ్ళు నన్ను పిలిచి, కంప్యూటర్ చదివే పిల్లలతో కాసేపు మాట్లాడమన్నారు. నేను ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. వెబ్ పేజీలు తయారుచేయడమే నా పని. అందులోనూ పేజీ కంటికి ఎలా కనపడాలో చూసే పని. అక్షరం ఎంత, ఖాళీ ఎంత, రంగు ఏది, ఇవన్నీ నావి.

ముందు వరుసలో కూర్చున్న ఒకమ్మాయి లేచి అడిగింది. "మేడమ్, రంగును కోడ్‌ల ఎట్ల రాయాలె? పేరుతోనా, హ్యాష్ పెట్టి అంకెలతోనా, ఇంకేదన్ననా? ఒక్కటి చెప్పున్రి, రాసుకుంటం."

నేనేదో చెప్పాను. ఆమె రాసుకుంది. తిరిగి వస్తూ బస్సు కిటికీ పక్కన కూర్చుంటే, చెప్పవలసింది చెప్పలేదని తెలుస్తూనే ఉంది. చేవెళ్ళ రోడ్డు పొడుగునా చెట్లు వెనక్కి పోతున్నాయి. ఒక్కొక్క ఆకు ఒక్కొక్క పచ్చ. వాటిలో దేన్నీ నేను ఏ కోడ్‌లోనూ సరిగ్గా రాయలేకపోయాను. ఆ అమ్మాయికి చెప్పవలసిన జవాబు ఒక్క మాటలో లేదు. అది ఎంకపల్లిలో ఒక గులాబీల తోటలో ఉంది. అక్కడిదాకా రావాలంటే కొంచెం ముందు నుంచి మొదలుపెట్టాలి.

పేర్లు

తెర మీద మీరు చూసే ప్రతి రంగునూ ఎవరో ఒకరు అక్షరాల్లో రాసి ఉంటారు. నేను పని నేర్చుకున్న కొత్తలో ఈ సంగతే నన్ను మాయలో పడేసింది. మాది ముడిమ్యాల. చేవెళ్ళ బస్టాండు పక్కన ఒక ఇంటర్నెట్ సెంటరు ఉండేది, అక్కడ పెళ్ళి పత్రికలూ అవీ టైపు చేసేదాన్ని. ఖాళీగా ఉన్నప్పుడు పేజీలు ఎలా తయారవుతాయో చూసి చూసి నేర్చుకున్నాను.

రంగుకు పేరు రాస్తే చాలని తెలిసిన రోజు నాకింకా గుర్తుంది. టొమాటో అని రాస్తే తెర టొమాటో రంగైపోయింది. గోల్డ్ అంటే బంగారం. ఆ పేర్లు నూటికి పైనే ఉంటాయి. వాటన్నిటినీ ఒక కాగితం మీద ఎక్కించుకుని, ముడిమ్యాల బస్సులో చదువుకుంటూ పోయేదాన్ని. కళ్ళు మూసుకుని ఒక పేరు అనుకుంటే రెప్పల వెనక ఆ రంగు పరుచుకునేది. ఊరు వచ్చినా తెలిసేది కాదు, కండక్టరు పిలిచి దింపేవాడు.

ఆ పేర్లను నమ్మే మొదటిసారి దెబ్బతిన్నాను. ఒక బడి పేజీలో అక్షరాలు బూడిద రంగులో ఉన్నాయి, బాగా కనపడటం లేదన్నారు. ఇంకాస్త ముదురుగా ఉండాలని, గ్రే తీసేసి డార్క్ గ్రే అని రాశాను. అక్షరాలు ఇంకా వెలిసిపోయాయి. ఎన్నిసార్లు రాసినా అంతే. ఆ పేర్ల పట్టికలో ముదురు బూడిద అనేది మామూలు బూడిదకంటే లేతగా ఉంటుంది. వేరువేరు చోట్ల పుట్టిన పేర్లను తెచ్చి ఒకే పట్టికలో కలిపేశారట, ఎవరూ సరిచూడలేదు. హెడ్మాస్టరు తెరకు కళ్ళు దగ్గరగా పెట్టుకుని చదువుతూ, "నీ అక్షరాలు పొగలెక్క ఉన్నయమ్మా" అన్నారు.

పేరు ముద్దుగా ఉంటుంది. ప్రయోగాలు చేసేటప్పుడు వాడుకోండి. పని జరగాల్సిన చోట దాన్ని నమ్ముకోకండి.

విఠల్ సార్ అంకెలు

తర్వాత మొయినాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. యజమాని విఠల్ సార్. మేమంతా కలిపి ఆరుగురం. సార్‌కు హ్యాష్ కోడ్ తప్ప ఇంకేదీ నచ్చేది కాదు. హ్యాష్ గుర్తు పెట్టి ఆరు అక్షరాలు. మొదటి రెండు ఎరుపు ఎంత, తర్వాతి రెండు ఆకుపచ్చ ఎంత, చివరి రెండు నీలం ఎంత. ఆయన ఆ ఆరు అక్షరాలనూ చూసి రంగు చెప్పేవారు. "ఇది వంకాయ. ఇది తడి ఇటుక." వెళ్ళి తెర మీద చూస్తే అదే.

ఎరుపూ ఆకుపచ్చా నిండా కలిపితే పసుపు వస్తుందని ఆయన చెప్పినప్పుడు నేను నమ్మలేదు. మా అమ్మ బతుకమ్మకు గునుగు పూలను రంగు నీళ్ళలో ముంచేది. ఎరుపు నీళ్ళు ఆకుపచ్చ గిన్నెలో ఒలికితే బురద తప్ప ఏమీ వచ్చేది కాదు. సార్ నా చేతే కోడ్ రాయించారు. తెర నిండా పసుపు విచ్చుకుంది. వెలుగుకూ రంగునీళ్ళకూ లెక్క వేరని ఆ రోజు తెలిసింది. చాలాసేపు ఆ పసుపును అలా చూస్తూ కూర్చున్నాను. సార్ టీ తెప్పించారు.

సార్ దగ్గర ఒక లోపం ఉండేది, చెప్పకుండా ఉండలేను. ఎవరైనా ఒక రంగు చూడలేరేమోనన్న ఆలోచన ఆయనకు ఎప్పుడూ రాలేదు. నాకు కూడా రాలేదు. మేమిద్దరం రంగుల్లో ఎంత మునిగిపోయామంటే, అందరూ మాతోపాటు అక్కడే ఉన్నారనుకున్నాం.

నేను అందంగా చేసిన పేజీ

మొయినాబాద్, చేవెళ్ళ వైపు గులాబీ, జర్బెరా, చామంతి వేసే రైతులు కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పట్నంలోని పూల దుకాణాల నుంచి వచ్చే ఆర్డర్లను పంచుకోవడానికి వాళ్ళకొక పేజీ కావాలన్నారు. రైతు తన ఫోన్‌లో పేజీ తెరిస్తే, తన పేరు మీద ఉన్న ఆర్డర్లు వరుసగా కనపడతాయి. ఖాయమైన ఆర్డరుకు ఆకుపచ్చ పట్టీ, పూలు కోయవచ్చు. రద్దైనదానికి ఎర్ర పట్టీ, కోయకూడదు. చదువు రానివాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి మాటలు వద్దు, రంగైతే అందరికీ అర్థమవుతుంది అన్నారు సార్. మంచి మనసుతోనే అన్నారు. నాకూ సబబే అనిపించింది.

మొదటి పేజీ సార్ చేశారు. నిప్పులాంటి ముదురు ఎరుపు, చిలక రెక్కలాంటి లేత ఆకుపచ్చ. కంటికి గుచ్చుకునేది. అయినా కొన్ని నెలలు సాఫీగా నడిచింది.

అప్పటికి నేను రంగు రాసే ఇంకో పద్ధతి నేర్చుకున్నాను. హెచ్ఎస్ఎల్ అంటారు. ఇందులో రంగులన్నీ ఒక చక్రం మీద ఉంటాయి. మొదటి అంకె ఆ చక్రం మీద ఎక్కడ నిలబడాలో చెబుతుంది. సున్నా దగ్గర ఎరుపు, నూట ఇరవై దగ్గర ఆకుపచ్చ. రెండో అంకె రంగు ఎంత చిక్కగా ఉండాలో చెబుతుంది, మూడోది ఎంత వెలుగుగా ఉండాలో. విఠల్ సార్ ఆరు అక్షరాల్లో నేను లెక్క చూసేదాన్ని. ఇందులో మాత్రం ఒక తోటలో తిరుగుతున్నట్టు ఉండేది. కొంచెం ఇటు జరిగితే కుంకుమ, ఇంకొంచెం జరిగితే మందారం.

పూల సంఘం పేజీని తిరిగి రాస్తానని నేనే అడిగాను. పొద్దున్నే మంచులో చేనును చూస్తే రంగులన్నీ మెత్తబడి ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, అలా ఉండాలనుకున్నాను. ఎరుపు తీసుకుని చిక్కదనం తగ్గించాను. చక్రం తిప్పి ఆకుపచ్చను పట్టుకున్నాను. అది ఎరుపుకంటే వెలుగుగా కనిపించింది. రెండూ కంటికి ఒకే బరువుగా తోచేదాకా ఆకుపచ్చ మూడో అంకెను దించుతూ పోయాను. రెండు రోజులు అదే పని. చివరికి ఆ వరుసలు పక్కపక్కన పడుకుని నిద్రపోతున్నట్టు ఉన్నాయి. ఏ పట్టీ కూడా మిగతావాటికంటే గట్టిగా అరవడం లేదు. సార్ చూసి, చాలాసేపు తల ఊపారు. నా పనిలో నేను అంతగా మురిసిపోయిన రోజు ఇంకోటి లేదు.

మధ్యాహ్నం ఆ పేజీని రైతుల ఫోన్లకు పంపాను.

మరునాడు పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి వరండా నిండా గులాబీలు. ప్లాస్టిక్ బకెట్లలో, గోనెల మీద, మెట్ల మీద కూడా. అన్నీ ఎర్రవి. ఆ పూల వాసనలో గుమ్మం దాటుతుంటే కలలో నడుస్తున్నట్టు అనిపించింది. మెట్ల చివర ఎంకపల్లి జంగయ్య, ఆయన భార్య అనసూయ కూర్చుని ఉన్నారు.

ఒక పెళ్ళి మండపానికని జంగయ్య పేరు మీద పెద్ద ఆర్డరు ఉంది. పెళ్ళి వాయిదా పడింది, ముందురోజు సాయంత్రమే ఆర్డరు రద్దైంది. జంగయ్య తెల్లవారుతూనే ఫోన్ చూసుకుని, తోటలోని ఎర్ర గులాబీలన్నీ కోసేశాడు. మూఢం మొదలవుతున్న వారం అది. ఇంకో పెళ్ళి లేదు, వేరే బేరం లేదు. కోసిన పువ్వును మళ్ళీ కొమ్మకు పెట్టలేరు. అన్నిటినీ పేజీ తయారుచేసిన మా గుమ్మానికే తెచ్చారు.

"మేడమ్, పేజీల పచ్చగనే ఉండె. పచ్చగుంటేనే కోసిన," అన్నాడు జంగయ్య. గొంతు పెంచలేదు.

నేను రికార్డు తీసి చూశాను. సాయంత్రం నుంచీ ఆ వరుస ఎర్రగానే ఉంది. ఆయన ఫోన్‌లో పేజీ తెరిపించి, వరుస మీద వేలు పెట్టి చూపించాను. ఆయన నా వేలిని చూశాడు, తెరను చూశాడు, మళ్ళీ నా మొహం చూశాడు. అనసూయ ఏదో చెప్పబోయింది, ఆయన ఆమె మోచేతిని పట్టుకుని ఆపాడు.

సంఘం పెద్ద కిష్టారెడ్డి పటేలు పేజీలో ఏముందో రాసి ఇవ్వమని అడిగారు. పేజీ సరిగ్గానే ఉంది, వరుస ఎర్రగా ఉంది అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. జంగయ్య తన పొరపాటును పేజీ మీదికి నెడుతున్నాడని సంఘంలో అనుకున్నారు. ఆ సీజనంతా ఆయన పేరును ఆర్డర్ల జాబితాలోంచి తీసేశారు. నేనూ అలాగే అనుకున్నాను. రెండోసారి ఆలోచించకుండా ఆ సంతకం పెట్టాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలని రాస్తున్నాను. రికార్డు నా వైపే ఉంది. అయినా తప్పు నాదే.

ఎంకపల్లి

ఆ పూలు మా వరండాలో నాలుగు రోజులు ఉన్నాయి. రేకుల అంచులు నల్లబడి, ఒక్కొక్కటిగా రాలాయి. చివరికి ఖాళీ బకెట్లు మిగిలాయి. వాటిని ఇచ్చివద్దామని ఒక ఆదివారం ఎంకపల్లి వెళ్ళాను. బకెట్లు ఒక సాకు. మెట్ల మీద అనసూయ చెప్పబోయి మింగేసిన మాట నన్ను వదల్లేదు.

జంగయ్య తోట పాలీహౌస్ లోపల ఉంది. పైన తెల్లటి ప్లాస్టిక్ కప్పు. లోపలికి అడుగు పెడితే నీడలుండవు. వెలుగు ఎటునుంచి వస్తున్నదో తెలియదు, ఆకుల్లోంచే పుడుతున్నట్టు ఉంటుంది. నీటి చుక్కలు పైపుల్లోంచి మట్టిలోకి జారే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను అక్కడ నిలబడి వచ్చిన పని మరిచిపోయాను.

బల్ల దగ్గర జంగయ్య పూలు కట్టలు కడుతున్నాడు. నన్ను చూసి కోపం చూపించలేదు. కాడలు కత్తిరిస్తున్న అనసూయ కాసేపట్లో చాయ్ పెడతానంది. మాట కలపడానికని, ఆఫీసులో పెట్టుకుంటాను, ఎర్రవి ఒక కట్ట ఇమ్మన్నాను.

ఆయన చేయి కట్టల మీదికి వెళ్ళింది. పూలను చూడలేదు. కట్టల దారాలను వేళ్ళతో తడుముతున్నాడు. కొన్ని దారాలకు రెండు ముడులున్నాయి, కొన్నింటికి మూడు. అప్పుడే కట్టిన రెండు కట్టలకు ఇంకా ముడులు పడలేదు. ఆయన చేయి అక్కడ ఆగిపోయింది.

"అనసూయా, మేడమ్‌కు ఎర్రవి ఇయ్యు," అన్నాడు.

"అన్నా, నీ చేతి కిందనే ఉన్నయి కదా ఎర్రవి," అన్నాను.

ఆయన కదల్లేదు. అనసూయ కత్తెర కింద పెట్టింది.

"ఉన్నయా," అన్నాడు జంగయ్య చాలా మెల్లగా.

ముగ్గురం ఆ తెల్లటి వెలుగులో కూర్చున్నాం. ఆయన చెప్పాడు. మూడో తరగతిలో రంగు సుద్దలతో చిలకను ఎర్రగా, దాని ముక్కును పచ్చగా వేశాడట. పంతులు పలక తీసుకుని తరగతి మొత్తానికీ చూపించాడు. పిల్లలు నవ్వారు. ఆ రోజు నుంచి రంగు మాట ఎత్తలేదు. పెళ్ళైన ఏడాదికి అనసూయకు చెప్పాడు, అంతే. తోటలో ఏ వరుసలో ఏ రంగో ఆమె చెబుతుంది. దారాలకు ముడులు వేసేదీ ఆమే. ఎర్రకు ఒకటి, పసుపుకు రెండు, గులాబీ రంగుకు మూడు, తెల్లకు ఏమీ లేదు.

"గట్లయితే పూల పని ఎందుకు పెట్టుకున్నవన్నా?" అని అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే మొరటు ప్రశ్న.

"నాకు రంగు తెల్వది గని, మొగ్గ ఎప్పుడు ఇచ్చుకుంటదో ఒక దినం ముందుగాలనే తెలుస్తది," అన్నాడు. మొగ్గ మెడ దగ్గర ఎలా బిగుసుకుంటుందో, రేకు అంచు ఎలా పల్చబడుతుందో నా వేళ్ళు పట్టుకుని ముట్టించాడు. నాకు ఏ తేడా తెలియలేదు. మొదటిసారి ఆ తోటలో చూడలేని మనిషిని నేనే అయ్యాను.

పేజీ సంగతి కూడా చెప్పాడు. సార్ చేసిన పేజీలో ఒక పట్టీ నల్లగా, ఒకటి తెల్లగా కనిపించేవట. నల్లగా ఉన్నది ఆగమని, తెల్లగా ఉన్నది కోయమని ఆయనే అర్థం చేసుకున్నాడు. "నువ్వు మార్చినంక రెండు ఒక్కతీరుగైనయి మేడమ్. నాకు అన్ని పచ్చగనే కొట్టినయి."

రెండు రోజులు కూర్చుని నేను తీసేసింది ఆ తేడానే. రెండు రంగుల వెలుగునూ సమానం చేశాను. ఆయనకున్న ఒక్క ఆనవాలును, అందం కోసం, ఎంతో ఓపికగా చెరిపేశాను.

నేను సంఘంలో చెబుతానన్నాను. ఆయన వద్దన్నాడు. "పూలమ్మెటోనికి రంగు తెల్వదంటే నా పూలు ఎవరు కొంటరు? అబద్ధాలోడన్నా పర్వా లేదు." ఎవరికీ చెప్పనని నా దగ్గర మాట తీసుకున్నాడు.

సంఘం ఆఫీసులో

ఆయన గుట్టు చెప్పనని మాట ఇచ్చాను. నా తప్పు చెప్పనని ఇవ్వలేదు. విఠల్ సార్‌కు నా తప్పు మాత్రం చెప్పాను. పేజీని రైతులకు ముందు చెప్పకుండా మార్చాను, రెండు పట్టీలకూ తేడా తెలియకుండా చేశాను, సంఘానికి ఆ మాట చెప్పాలి అన్నాను. సార్ ఇష్టపడలేదు. కంపెనీ పేరు పోతుంది, సంఘం వాళ్ళు పేజీని వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు అన్నారు. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "నీ సంతకం నువ్వే కొట్టేసుకుంటనంటే నేను ఆపను," అన్నారు. సంఘం సమావేశం రోజు నాకు చెప్పకుండానే వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆయన మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా, ఆ బెంచీ దగ్గర ఆగిపోతాయి.

రైతులు ఇరవై మంది దాకా ఉన్నారు. నేను లేచి చెప్పాను. రికార్డు నిజమే, కానీ పేజీ తప్పు. రంగులు మార్చింది నేను. రైతు పొరపాటు పడేలా మార్చాను. జంగయ్యన్న పేరును జాబితాలో తిరిగి పెట్టాలి.

కిష్టారెడ్డి పటేలు నెమ్మదైన మనిషి. నన్ను తేరిపార చూసి అడిగారు. "ఎర్రది ఎర్రగనే ఉండె కదమ్మా. మాకందరికి కనవడ్డది. మరి తప్పెట్లైతది?"

నా దగ్గర జవాబు ఉంది, చెప్పడానికి లేదు. నేల వైపు చూస్తూ నిలబడ్డాను. కుర్చీ కాలు నేలకు రాసుకున్న చప్పుడైంది. జంగయ్య లేచాడు.

"పటేలా, ఆమె నాకు మాట ఇచ్చి ఉన్నది, చెప్పది. నాకు ఎర్రకు పచ్చకు తేడా కనవడది. చిన్నప్పటిసంది అంతే."

ఎవరో చిన్నగా నవ్వారు. పటేలు అటు చూసేసరికి నవ్వు ఆగింది. ఆయన జంగయ్యను ఒకే ఒక్క మాట అడిగారు. "ఇన్నేండ్లల్ల నీ పూలు ఎన్నడన్న ఎనక్కొచ్చినయా?"

"రాలే."

"మరింకేంది," అన్నారు పటేలు. జంగయ్య పేరును జాబితాలో రాయించారు. తర్వాత చామంతి ధర సంగతి మొదలుపెట్టారు. జంగయ్య నిలబడే ఉన్నాడు. కూర్చోవచ్చని ఆయనకు తట్టలేదు. అనసూయ ఆయన కండువా కొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

నేను గేటు దాటుతుంటే మా ముడిమ్యాల వైపు చామంతి వేసే ఒక పెద్దాయన వెనకాలే వచ్చాడు. అటూ ఇటూ చూసి, ఫోన్ జేబులోంచి తీశాడు. "బిడ్డా, జంగయ్యకు ఏం చేస్తవో, గది నా ఫోన్ల గూడ చెయ్యి," అన్నాడు. ఆయనకూ ఆ రంగులు కనపడవని, అరవై దాటినా ఎవరికీ చెప్పుకోలేదని అర్థమైంది. "ఎవలకన్న చెప్తవా?" అని అడిగాడు. చెప్పనన్నాను. పేజీ మాత్రం అందరికీ ఒకేసారి మారుతుంది, ఎవరి కోసం మారిందో ఎవరికీ తెలియదు అని చెప్పాను. ఆయన మొహం తేటబడింది. ఇప్పుడూ ఆయన పేరు రాయడం లేదు.

ఇద్దరం కలిసి

పేజీని తిరిగి రాయడానికి జంగయ్యను పక్కన కూర్చోబెట్టుకున్నాను. తెలిసినదాన్ననే ధీమాతో పేజీ మొత్తాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చి, మీకు కనపడేది ఇదేనా అని అడిగాను.

ఆయన నవ్వాడు. "లోకమంత బూడిద గాదు చెల్లె. నాకు నీలం కనవడ్తది, పసుపు కనవడ్తది. మొగులు నీకెంత నీలమో నాకు గంతే." మేడమ్ పోయి చెల్లె అయింది ఆ రోజే.

ఒక్కొక్క రంగే పెట్టి అడుగుతూ పోయాం. కోయవలసినదానికి ముదురు నీలం, ఆగవలసినదానికి లేత పసుపు తేలాయి. దూరంగా పెట్టినా, ఎండలో పట్టుకున్నా, ఫోన్ అద్దం పగిలినా రెండూ వేరుగా తెలియాలి అన్నాడు. పట్టీ మీద మాట కూడా పెట్టాం. నేను కోయండి, కోయవద్దు అని రాశాను. రెండూ ఒకేలా మొదలవుతున్నాయి, తొందరలో చూస్తే ఒకేలా ఉన్నాయి అన్నాడు. కోయండి, ఆగండి అని మార్చాను. చదువు రానివాళ్ళ కోసం ఒకదానికి కత్తెర బొమ్మ, ఇంకోదానికి అరచేతి బొమ్మ.

అమ్మాయీ, నువ్వు అడిగినదానికి జవాబు ఇక్కడ మొదలవుతుంది. ఎవరైనా తమ కంపెనీ రంగు ఇదీ అని ఆరు అక్షరాలు చేతికిస్తే హ్యాష్ కోడ్‌నే ఉంచు, దానితో తగువు పెట్టుకోకు. రంగును నువ్వు ఎంచుకోవలసి వస్తే వెలుగు విడిగా కనిపించే పద్ధతిలో రాయి, ముందు వెలుగు అంకెను తేల్చుకో, తర్వాత చక్రం తిప్పు. హెచ్ఎస్ఎల్‌లో ఆ మూడో అంకెను పూర్తిగా నమ్మకు. అదే అంకె ఇచ్చినా పసుపు వెలిగిపోతుంది, నీలం మునిగిపోతుంది. కంటికి దగ్గరగా కొలిచే కొత్త పద్ధతులు వచ్చాయి, నేర్చుకో. అంకె ఏదైనా పేజీలో పదిచోట్ల చల్లకు. ఒక్కచోట రాసి, దానికి ఒక పేరు పెట్టి, మిగతా అన్నిచోట్లా ఆ పేరునే వాడు. ఆ పేరు కూడా ఎరుపు, పసుపు అని కాదు. ఆగు, కోయి అని, అది చేసే పనిని బట్టి పెట్టు. రేపు ఆ రంగు ఎవరికో కనపడదని తెలిస్తే, ఒక్క చోట మారిస్తే చాలు.

ఇంకోటి. నీ పేజీ చాలా అందంగా ఉందని నీకే అనిపించిన రోజున దాన్ని బయటికి పంపకు. ఇంకొకరికి చూపించు.

ఆ తర్వాత మా కంపెనీలో ఏ పేజీ తయారైనా ముందు ఎంకపల్లికి వెళ్ళేది. విఠల్ సార్ పెట్టిన పద్ధతి అది. జంగయ్య తోటలో పని మధ్య తీరిక చూసుకుని ఫోన్‌లో చూసి చెప్పేవాడు. కొన్నిసార్లు ఆ వెనకాల నీటి చుక్కల చప్పుడు వినపడేది. ఆఫీసులో కూర్చునే నేను ఆ తెల్లటి కప్పు కిందికి వెళ్ళిపోయేదాన్ని.

చివరి రోజు

నేను పని మానేసే రోజు సాయంత్రం ఆఫీసులో చిన్న వీడ్కోలు పెట్టారు. శాలువా, పూలదండ, మిర్చి బజ్జీలు. విఠల్ సార్ చేతిలో రెండు కాగితాల ప్రసంగం ఉంది. నా ఆఖరి పేజీ నారు మొక్కల నర్సరీది. అమ్మడానికి సిద్ధమైన మొక్కలకు ఒక రంగు, ఇంకా వారం ఆగవలసినవాటికి ఇంకో రంగు. మాటలూ ఉన్నాయి, బొమ్మలూ ఉన్నాయి. పొద్దున్నే ఎంకపల్లికి పంపాను. జవాబు రాకపోయేసరికి బాగుందనే అనుకున్నాను.

అందరూ కూర్చున్నాక ఫోన్ మోగింది.

"చెల్లె, రెండు ఒక్కతీరుగున్నయి," అన్నాడు జంగయ్య. ఇవాళ నా ఆఖరి రోజని ఆయనకు తెలుసు. "మాట రాసినవు, సరే. గని దూరంకెల్లి చూస్తే ఒక్కటే కనవడ్తున్నది."

సార్ ప్రసంగం మడిచి జేబులో పెట్టుకున్నారు. బజ్జీల పళ్ళెం మీద ఎవరో కాగితం కప్పారు. నేను నా కుర్చీలోకి తిరిగి వెళ్ళి, ఒక రంగుకు వెలుగు చెప్పే మూడో అంకెను అరవై రెండు నుంచి ముప్ఫై ఎనిమిదికి దించి పంపాను. బయట పొద్దు వాలుతోంది, కిటికీ అద్దం మీద ఏ పేరూ లేని రంగొకటి పరుచుకుంటోంది. అందరూ నా వెనకే నిలబడ్డారు. ఫోన్ చెవి దగ్గరే ఉంది, అవతల నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి.

"ఆఁ," అన్నాడు జంగయ్య. "ఇప్పుడు ఏరుపడ్డయి. ఇగ పో."

పేజీని బయటికి పంపి, కంప్యూటర్ ఆపి, శాలువా కప్పించుకోవడానికి లేచాను.